ఆర్ట్ టీచర్‌గా చేరబోతున్న నా స్టూడెంట్‌కి

అమ్మలూ,

నీ మెసేజ్ పొద్దున్నే చూశా. ఉద్యోగం వచ్చిందని చెప్పి, ఆ కిందే "ఇంక నా పెయింటింగ్ అయిపోయినట్టేనా మాస్టారూ" అని రాశావ్ చూడు, అది చదివాక ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్లకి పైగా పాఠాలు చెప్తూనే అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు, అంటే మనిషో చెట్టో కాకుండా ఉత్త రంగులూ గీతలతో ఉండేవి, వేసినవాణ్ణి, నాకు తెలిసింది రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

టైమ్ ఉండదని అందరూ భయపెడతారు. నువ్వు భయపడకు. అల్మా థామస్ అని వాషింగ్టన్‌లో ఒకే స్కూల్లో 35 ఏళ్లు పిల్లలకి ఆర్ట్ చెప్పిన ఆవిడ ఉండేది, ఉద్యోగం చేస్తూనే 1950ల్లో మళ్లీ స్టూడెంట్‌గా యూనివర్సిటీకెళ్లి పెయింటింగ్ నేర్చుకుంది, 1960లో రిటైరయింది, ఈరోజు ఆవిడవి అనగానే మనకి గుర్తొచ్చే బొమ్మలు, చిన్న చిన్న రంగు ముక్కలు వరసగా పేర్చినట్టుంటాయే, అవి రిటైరయ్యాక వేసినవి. 1972లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఆవిడ సోలో షో జరిగేసరికి ఎనభై ఏళ్లు! మన దేశపు ఆర్టిస్ట్ నస్రీన్ మొహమ్మదీ కూడా అంతే, 1972 నుంచి బరోడాలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్తూనే ఆ సన్నటి ఇంకు గీతలు, పెన్సిల్ గీతలు గీసింది. చివర్లో నరాల జబ్బు వచ్చినా గీత మానలేదు.

నువ్వు చేయాల్సింది చిన్నది. స్కూలుకెళ్లే ముందు నలభై నిమిషాలు నీవి, అంతే. ఆ టైమ్ అయిపోయేసరికి బొమ్మని ఒక కొలిక్కి తెచ్చి ఆపొద్దు, ఏదో ఒక మూల తేలకుండా వదిలెయ్, మర్నాడు పొద్దున లేవగానే చెయ్యి అక్కడికే పోతుంది. కాన్వాస్ ఎప్పుడూ కళ్లకి కనపడే చోటే ఉండాలి, గదిలో పెట్టి తలుపేస్తే వారం ఇట్టే గడిచిపోతుంది.

అసలు ప్రమాదం వేరే ఉంది, నాకెవరూ చెప్పలేదు కాబట్టి నీకు చెప్తున్నా. పాఠం చెప్పేవాళ్లకి మెల్లగా ఒక అలవాటు పడుతుంది, క్లాసులో మాటల్లో చెప్పగలిగిందే బొమ్మలో వేయడం మొదలెడతారు. నేను ఉద్యోగంలో చేరిన ఏడెనిమిదేళ్లకి ఇంట్లో కాన్వాస్ ముందు నిలబడి బ్రష్ ఎత్తితే "ఎడమవైపు బరువెక్కింది కాబట్టి కుడివైపు కింద ఒక చిన్న ఎర్ర మచ్చ" అని నా క్లాసు గొంతే వినపడేది, అదే వేసేవాణ్ణి, అది సరిగ్గానే ఉండేది. రెండేళ్లు అలా వేశా. ఎవరూ తప్పు పట్టలేని బొమ్మలు అవి, నాకు మాత్రం ఒక్కదాన్నీ మళ్లీ తిప్పి చూడాలనిపించలేదు. అప్పుడు కాన్వాస్ నిలబెట్టే ఈజిల్ తీసేసి కాన్వాస్ నేల మీద పరిచి, బ్రష్ పక్కనపెట్టి వెడల్పాటి అట్టముక్కతో రంగు లాగడం మొదలెట్టా, ఏం వస్తుందో నాకే తెలీదు, ఆ తెలీకపోవడం కోసమే చేశా. మొదటి నెలంతా బురదే వచ్చింది. తర్వాత ఒకరోజు ఎండిన నీలం కింద నుంచి పాత పసుపు సన్నగా గీతలు గీతలుగా పైకి తేలింది, అది చూసి ఎంతసేపు అలా కూర్చున్నానో.

దీనికి పూర్తిగా ఎదురు దారి జోసెఫ్ ఆల్బర్స్‌ది, ఆయనా పాఠాలు చెప్పిన అబ్‌స్ట్రాక్ట్ పెయింటరే. ఆయన క్లాసులో అడిగే ప్రశ్నా బొమ్మలో అడిగే ప్రశ్నా ఒకటే, రంగు పక్కన రంగు పెడితే ఏమవుతుంది అని. 1950లో మొదలెట్టి 1976లో పోయేదాకా చతురస్రంలో చతురస్రం వెయ్యికి పైగా వేశాడు, హార్డ్‌బోర్డ్ మీద ట్యూబ్‌లోంచి తీసిన రంగుని కలపకుండా పెయింటింగ్ నైఫ్‌తో రాసి, వెనకాల ఏ కంపెనీ ఏ రంగో రాసుకునేవాడు. ఆయన పాఠం ఒకటి నువ్వు మొదటి వారమే చేయించు. ఒకే బూడిదరంగు కాగితంలోంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించి, ఒకటి మంచి పసుపు మీద, ఇంకోటి ముదురు వంకాయ రంగు మీద పెట్టమను. పసుపు మీదది ముదురుగా, కొంచెం ఊదా తిరిగినట్టుంటుంది, రెండోది లేతగా, కొంచెం పసుపు తిరిగినట్టు మెరుస్తుంది. క్లాసు ఒక్కసారి గప్‌చుప్ అయిపోతుంది, తర్వాత ఎవడో ఒకడు నమ్మకుండా లేచొచ్చి రెండు ముక్కలూ తీసి పక్కపక్కన పెట్టి చూస్తాడు. వాణ్ణి గుర్తుపెట్టుకో, వాడు పెయింటర్ అవుతాడు.

ఇంకోటి, స్టూడెంట్ కాగితం మీద నీ బ్రష్ పెట్టకు. నేను పెట్టా. "ఇలా" అని ఇక్కడో గీత అక్కడో గీత దిద్దేవాణ్ణి, ఆ ఏడాది చివర ఎగ్జిబిషన్లో ఒకాయన హాలంతా చూసొచ్చి "ఈ బొమ్మలన్నీ మీవేనా?" అన్నాడు, పద్నాలుగుమంది పిల్లల బొమ్మలవి, అన్నిట్లో నా నీలమే! ఆ రాత్రి నిద్రపట్టలేదు. హాన్స్ హాఫ్‌మన్ అనే పెయింటర్ నలభై ఏళ్లు దాటి పాఠాలు చెప్పాడు, లీ క్రాస్నర్, హెలెన్ ఫ్రాంకెన్‌థేలర్ లాంటి పేరున్న పెయింటర్లు ఆయన దగ్గర నేర్చుకున్నారు, ఒకరి బొమ్మ ఇంకొకరిలా ఉండదు, ఆయనలా అసలుండదు. ఆయన స్కూళ్లు మూసేసి పూర్తిగా పెయింటింగ్‌కి కూర్చున్నది 1958లో, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో. నువ్వు దిద్దే బదులు అడుగు, దీంట్లో నీకు ముందు కనపడేది ఏది, దాన్ని తీసేస్తే ఏం మిగులుతుంది అని. వాళ్లే దిద్దుకుంటారు.

"ఇది మా పిల్లాడు కూడా వేస్తాడు" అనేవాళ్లు వస్తారు, వాదించకు, బొమ్మ తలకిందులు చేసి ఏ వైపు బరువుగా ఉందో అడుగు, చాలామంది కరెక్టుగా చెప్పేస్తారు, చెప్పాక వాళ్లే ఇంకాసేపు చూస్తారు.

జీతం వస్తోంది కాబట్టి అమ్ముడుపోయే బొమ్మ వేయక్కర్లేదు నీకు. అది ఎంత పెద్ద వరమో ఉద్యోగం లేని పెయింటర్లని అడిగితే తెలుస్తుంది.

సామాను సంగతి. నూనెతో చేసిన ఆయిల్ రంగు మీద నీళ్లలో కలిపే అక్రిలిక్ రంగు ఎప్పుడూ వేయకు, పట్టదు, నా పెద్ద కాన్వాస్ ఒకటి మూడేళ్లలో పొలుసులు పొలుసులుగా రాలిపోయింది. అక్రిలిక్ మీద ఆయిల్ పర్లేదు. ఆయిల్ రంగుల్లో వాడే లిన్‌సీడ్ (అవిసె) నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, విప్పి ఆరేసుకో, లేదా నీళ్లు పోసిన మూత డబ్బాలో పెట్టు. పిల్లలున్న గదిలో ఆయిల్ రంగు పల్చన చేసే టర్పెంటైన్ అసలొద్దు.

చివర్లో ఫోటో పంపావ్ కదా ఆ బూడిదరంగు కాన్వాస్, "పాడైపోయింది, తెల్లరంగు కొట్టేస్తా" అన్నావ్, కొట్టకు. కుడివైపు పైన ఆ గీరిన చోట ఏదో ఉంది, ఫోన్లో సరిగ్గా తెలీట్లేదు నాకు. గోడవైపు తిప్పి పెట్టేసెయ్, ఉద్యోగంలో కాస్త కుదురుకున్నాక నేనే వస్తా, పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి ఇద్దరం చూద్దాం.

మీ మాస్టారు