సైరన్ కూత వినిపిస్తోంది, మాట అర్థం కావడం లేదు: ఎందుకు?

ప్రశ్న: మాది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. తుపాను షెల్టర్ మీద ఎలక్ట్రానిక్ సైరన్ పెట్టారు. కూత ఒకటిన్నర కిలోమీటరు దాకా వినిపిస్తోంది. అదే హారన్లలోంచి మైకులో చెబితే అర కిలోమీటరు దాటాక ముక్క అర్థం కావడం లేదు. స్పీకర్లు పాడయ్యాయా?

జవాబు: అదొక్కటే లక్షణమైతే స్పీకర్లను అనుమానించక్కర్లేదు. కూత వెళ్లినంత దూరం మాట వెళ్లదు. కూత ఆగకుండా ఒకే బలంతో వస్తుంది కాబట్టి ఆంప్లిఫయర్ సత్తా అంతా వాడుకుంటుంది. మాట అలా కాదు. గొంతు హెచ్చిన క్షణంలో ఆంప్లిఫయర్ హద్దును తాకినా, సగటు బలం కూత కంటే 10 డెసిబెళ్ల దాకా తక్కువ ఉంటుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ 10 డెసిబెళ్లు తగ్గుతాయని అమెరికా విపత్తు సంస్థ ఫీమా 1980 నాటి మార్గదర్శకం లెక్క. 30 మీటర్ల దగ్గర 120 డెసిబెళ్లిచ్చే కూత 960 మీటర్లకు 70కి దిగుతుంది. మాట 480 మీటర్లకే ఆ స్థాయికి పడిపోతుంది.

గాలి కూడా తన వంతు తినేస్తుంది. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమలో 500 హెర్ట్జ్ ధ్వని కిలోమీటరుకు 3 డెసిబెళ్లు పోగొట్టుకుంటే, 4000 హెర్ట్జ్ ధ్వని 23 పోగొట్టుకుంటుంది. అచ్చుల బలం తక్కువ హెర్ట్జ్‌లలో ఉంటుంది. క, చ, ట, స లాంటి హల్లుల పదును ఎక్కువ హెర్ట్జ్‌లలో ఉంటుంది. దూరంగా ఉన్నవాళ్ల చెవికి అచ్చులు చేరతాయి, హల్లులు రాలిపోతాయి.

అందుకే సందేశంలో ‘వేటకు వెళ్లకండి’ అని పెట్టొద్దు. ఆ ‘క’ వినపడకపోతే మిగిలేది ‘వెళ్లండి’! ‘వేట ఆపండి. బోట్లు ఒడ్డుకు చేర్చండి. షెల్టర్‌కు రండి’ అనండి. ఒక్కో వాక్యం తర్వాత రెండు మూడు సెకన్లు ఆగాలి. ధ్వని సెకనుకు దాదాపు 350 మీటర్లు వెళ్తుంది. వినేవాళ్లకు ఒక సైరన్ టవర్ 300 మీటర్లలో, ఇంకోటి కిలోమీటరు దూరంలో ఉంటే రెండో మాట రెండు సెకన్లు ఆలస్యంగా వచ్చి మొదటిదాని మీద పడుతుంది. జపాన్ ఊళ్లలో విపత్తు ప్రకటనలను ఒక్కో ముక్కా విడదీసి నెమ్మదిగా చదివేది ఇందుకే. టవర్లను ఒకదాని తర్వాత ఒకటి పలికించే వీలుంటే ఇంకా మేలు.

గాలివానలో హడావుడిగా మైకు పట్టుకునే బదులు సందేశాలు ముందే రికార్డు చేసి సైరన్ మెమరీలో ఉంచండి. ప్రతిధ్వని లేని గదిలో, మైకుకు 15 సెంటీమీటర్ల దూరంలో చదవాలి. ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో హై-పాస్ ఫిల్టర్ (కింది హెర్ట్జ్‌ల ధ్వనిని కోసేసేది) 300 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, ఎందుకంటే అంతకు కిందివి హారన్‌లోంచి సరిగా రావు, హారన్ వెనక ధ్వని పుట్టించే డ్రైవర్‌లోని పొరను (డయాఫ్రమ్) మాత్రం దెబ్బతీస్తాయి. 2000–4000 హెర్ట్జ్ మధ్య 4 నుంచి 6 డెసిబెళ్లు పెంచండి. తర్వాత 4:1 నిష్పత్తితో కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గులను దగ్గర చేసేది), చివర మైనస్ 1 డెసిబెల్‌కి నార్మలైజ్ (అతి బిగ్గరి చోటును ఆ హద్దుకు తేవడం). మోనో వేవ్ ఫైలుగా సేవ్ చేయండి. శాంప్లింగ్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచి రాస్తుందో ఆ అంకె) మీ సైరన్ మాన్యువల్ చెప్పినంతే ఉండాలి. తప్పితే ఫైలు లోడ్ కాకపోవచ్చు, గొంతు సాగిపోవచ్చు. ఈ కంప్రెసర్ పనే సగటు బలాన్ని పెంచుతుంది, దీన్ని మాత్రం వదలొద్దు.

మోగించేటప్పుడు ముందు 15 సెకన్ల కూత, రెండు సెకన్ల నిశ్శబ్దం, ఆపై సందేశం రెండుసార్లు.

ప్రశ్న: మా ఫ్యాక్టరీ సైరన్‌లో చాలా రకాల కూతలున్నాయి. దేనికి ఏది వాడాలి?

జవాబు: రెండు చాలు. హెచ్చుతగ్గుల కూత ప్రమాదానికి, ఏకధాటి కూత ప్రమాదం తప్పిందనడానికి. మన పౌర రక్షణ విభాగం పద్ధతి ఇదే. అమెరికాలో చాలాచోట్ల ఏకధాటి కూతే హెచ్చరిక, కాబట్టి దిగుమతి సైరన్ ఫ్యాక్టరీ సెట్టింగులను అలాగే వదిలేయొద్దు. బటన్ మీద పేరు తెలుగులో రాయించండి, రాత్రి షిఫ్టులో ఎవరు నొక్కాలో కాగితం మీద ఉండాలి. విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో 2020 మే 7న స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చినప్పుడు, ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటులో సైరన్ ఏర్పాటు ఉండి కూడా ఎవరూ మోగించలేదని ప్రభుత్వ హైపవర్ కమిటీ తేల్చింది.

ప్రశ్న: నెలనెలా టెస్టులో సైరన్ బాగానే మొదలవుతుంది, నిమిషం తర్వాత నీరసిస్తుంది. ఎందుకు?

జవాబు: ముందు బ్యాటరీలు చూడండి. సైరన్ మోగనప్పుడు 12.6 వోల్టులు చూపించి, కూత నడుస్తుండగా 10.5 కిందికి జారితే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. జతలో ఒక్కటే మార్చొద్దు, పాతది కొత్తదాన్ని లాగేస్తుంది. ఎండలో ఉండే ఇనుప పెట్టెలో వీటి ఆయుష్షు చాలా తగ్గుతుంది. సముద్రం దగ్గరైతే టెర్మినళ్ల మీద పచ్చటి తుప్పు తుడిచి పెట్రోలియం జెల్లీ రాయండి. నీరసం ఒక్క దిక్కునే ఉంటే మాత్రం డ్రైవర్ కాలిపోయి ఉండొచ్చు. సప్లై ఆపి, వైరు విప్పి మల్టీమీటరుతో చూడండి: 8 ఓమ్‌ల కాయిల్ 5–7 చూపించాలి, ఏమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టే. నిశ్శబ్ద టెస్టు (చెవికి వినపడని ధ్వనితో సైరన్ తనంతట తాను చేసుకునేది) ఆంప్లిఫయర్, డ్రైవర్ల సంగతి చెబుతుందిగానీ సందేశం ఫైలు బాగుందో లేదో చెప్పదు. ఊరి చివర ఒక మనిషిని నిలబెట్టి, ఏం వినిపించిందో మాటమాటా రాయించుకోండి.