ఆటోనగర్ లెక్క ఇక్కడ పనికిరాదు

తమ్ముడూ, డెట్రాయిట్ పక్కన నోవైలో అపార్ట్‌మెంటు, చేతిలో 15,000 డాలర్లు, మనసులో 1969 డాడ్జ్ ఛార్జర్. ఈ డబ్బుతో ఏ పాత అమెరికన్ కారు కొని బాగుచేసుకోవాలి అన్న నీ ప్రశ్న మా ఆవిడకి చదివి వినిపించాను. "ఇంకొకడు తయారయ్యాడు" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఛార్జర్ సంగతి ముందే తేల్చేస్తా. ఆ డబ్బుకి రాదు. ఎవడైనా ఇస్తానన్నాడంటే అది ఛార్జర్ ఆకారంలో నిలబెట్టిన తుప్పు. మిగతాది చెప్పాలంటే నా కథ మొదలెట్టాలి. కాస్త ఓపిక పట్టు, నీ వయసులో నాకు ఇది చెప్పేవాళ్ళు లేరు.

2004లో, హెచ్-1 మీద ఉన్నప్పుడు, 4,500 డాలర్లకి 1967 ఫోర్డ్ మస్టాంగ్ కూపే, అంటే రెండు డోర్ల బండి, కొన్నాను. అప్పటి రేటుకి రెండు లక్షల పైమాట. ఎర్ర రంగు, వీ8 అనే ఎనిమిది సిలిండర్ల ఇంజను, స్టార్ట్ చేస్తే పక్కింటి కిటికీలు అదిరేవి. ఛాసిస్ నంబరులో రెండో అక్షరం ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ అని తెలిసి పొంగిపోయా. మనం ఉండే చోటికి అరగంట దూరంలో పుట్టిన బండి! ఇక్కడే పుట్టి ఇక్కడే తిరిగిందంటే ముప్ఫై ఏడు చలికాలాలు ఉప్పులో నానిందని అర్థం. అది తట్టలేదు. డెట్రాయిట్ ఊరి కింద 1,200 అడుగుల లోతున ఉప్పు గనే ఉంది. మంచు పడితే రోడ్ల మీద ఉప్పు చల్లడానికి ఇక్కడ మొహమాటం ఉండదు.

నా ధైర్యమంతా విజయవాడ ఆటోనగర్ చూసి పెరిగిన ధైర్యం. మా నాన్న అంబాసిడర్‌కి డోరు కింద రేకు పోతే, టింకరింగ్ చేసే ఆయన పాతది కోసేసి, కొత్త ముక్క అతికి, లప్పం పెట్టి, రంగేసి మూడో రోజుకి ఇచ్చేవాడు. రేకుపని అంటే చిల్లర ఖర్చు, ఇంజను అంటే పెద్ద ఖర్చు అని నా బుర్రలో పడిపోయింది. ఇక్కడ సరిగ్గా తలకిందులు. ఇంజను విప్పి మళ్ళీ కట్టడం లెక్కకి అందే ఖర్చు. రేకు గంటల పని, ఆ గంటలకి అంతుండదు. బాడీ షాపువాడు అప్పట్లోనే గంటకి 65 డాలర్లు అన్నాడు. ఇప్పుడు వందకి తక్కువ చెప్పేవాణ్ణి నేను చూళ్ళేదు.

కొన్న మొదటి నెలలోనే వాన పడింది. మర్నాడు డ్రైవరు సీటు ముందు కార్పెట్ పిండితే నీళ్ళు. అద్దం రబ్బరు మార్చా, మళ్ళీ నీళ్ళు. చివరికి ఆఫీసులో ఓ పెద్దాయన వచ్చి, అద్దం కింద గాలి పోవడానికి ఉండే జల్లెడ లాంటి రేకు మీద చెంబెడు నీళ్ళు పోయించాడు. లోపల పెడళ్ళ మీద టపటపా రాలాయి. ఆ పెట్టెని కౌల్ అంటారు. పాత మస్టాంగ్‌లకి పుట్టుజబ్బు. ఆకులు చేరి, తడి నిలిచి, లోపల్నించి తినేస్తుంది. బాగుచెయ్యాలంటే ఒక్కో స్పాట్ వెల్డూ డ్రిల్లుతో ఊడగొట్టి పై రేకు ఎత్తాలి. దాని కింద నేల రేకులు కూడా పోయాయని అప్పుడు బయటపడింది.

అక్కడితో ఆగినా బాగుండేది. అదే పెద్దాయన చక్రం వైపు చూసి "నాలుగు బోల్టులేమిటి?" అన్నాడు. ఆ ఏడాది వీ8 మస్టాంగ్‌కి చక్రానికి ఐదు ఉండాలి, ఆరు సిలిండర్ల బండికే నాలుగు. ఛాసిస్ నంబరులో ఐదో అక్షరం చూస్తే టి, అంటే 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్లు. సి గానీ ఏ గానీ ఉంటే 289 వీ8. ఎవరో వీ8 ఎక్కించి, బ్రేకులూ వెనక యాక్సిలూ మాత్రం చిన్న బండివే ఉంచేశారు. వాటన్నిటినీ మార్చడం ఇంకో మూడు వేలు.

మొత్తం మా ఆవిడ డైరీలో ఉంది: 21,340 డాలర్లు, ఐదేళ్ళలో. అప్పుడు అమ్మితే పన్నెండు వేలు వచ్చేదేమో. ఆ డబ్బుకి పోరంకిలో స్థలం వచ్చేదని మా నాన్న ఫోన్లో ఎన్నిసార్లు అన్నారో. మామయ్యగారైతే, "పాత కారు కొన్నావటగా బాబూ, ఉద్యోగం బాగానే ఉందా?" అని అడిగారు.

కాబట్టి నీ పదిహేను వేలల్లో ఎనిమిది, తొమ్మిది దాటి బండికి పెట్టకు. మిగతాది దాన్ని బాగుచెయ్యడానికి దాచుకో. ఆర్నెల్ల ఇంటద్దె అందులో కలపకు, అది వేరే. లేఆఫ్ అయితే బండి అన్నం పెట్టదు. అందులోనూ విప్పేసి అట్టపెట్టెల్లో సర్దిన బండిని సగం ధరకి కూడా ఎవడూ కొనడు.

ఏ బండి? 1965-68 మస్టాంగ్ కూపే. ఫాస్ట్‌బ్యాక్ కాదు, దానికి వెనక వాలు రేకు ఉన్నందుకే ధర ఎక్కువ. కూపేకి బోల్టు నుంచి ఫెండరు దాకా కొత్తవి తయారుచేసి అమ్ముతున్నారు. ఛార్జర్ లాగా క్రైస్లర్ కంపెనీ బండి మీదే మోజైతే 318 వీ8 ఉన్న ప్లిమత్ డస్టర్ గానీ డాడ్జ్ డార్ట్ గానీ చూడు. వాటిలో స్లాంట్ సిక్స్ అనే ఆరు సిలిండర్లది వచ్చినా వదలకు, మొండి ఇంజను. సరదాగా నడుపుకోవడమే ముఖ్యమైతే 1987-93 మధ్య వచ్చిన 5.0 లీటర్ల మస్టాంగ్ తీసుకో. దాన్ని క్లాసిక్ అంటే డెట్రాయిట్ వుడ్‌వర్డ్ అవెన్యూలో పాత బళ్ళు చూడ్డానికి కుర్చీలేసుకు కూర్చునే ముసలాళ్ళు నవ్వుతారు గానీ, ఫ్యూయల్ ఇంజెక్షన్, ఉదయం చలిలో కూడా స్టార్ట్ అవుతుంది. పాంటియాక్ జీటీఓ అని ఎవడైనా చూపిస్తే జాగ్రత్త: 1964, 65లో అది అదే కంపెనీ లెమాన్స్ బండి మీద ఆప్షను మాత్రమే, నంబరు చూసి అసలుదో కాదో చెప్పలేం.

బండి ఆరిజోనా నుంచో న్యూమెక్సికో నుంచో తెప్పించుకో. ట్రక్కు మీద రవాణాకి వెయ్యి, పదిహేను వందలు పోతాయని ఏడవకు. నేను ఆ వెయ్యి మిగుల్చుకుని పదివేలు పోగొట్టుకున్నా. ఎండకి సీట్లు చిరుగుతాయి, డాష్‌బోర్డు పగులుతుంది, పోనీ. అవి చవక. ఫ్రిజ్ మీద అంటించే పల్చటి అయస్కాంతం చేతిగుడ్డలో చుట్టి వెనక చక్రం పైన, డోరు కింద మెల్లగా జరిపి చూడు. జారిపోయిన చోట రేకు లేదు, లప్పం ఉంది.

టైటిల్, ఇన్సూరెన్సు, పాత బండి ప్లేట్ల సంగతి మన ఆర్టీఓ లాంటి సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో కనుక్కో. వీసా మీద ఉండి బళ్ళు కొని బాగుచేసి అమ్ముతూ పోవడం వ్యాపారం కిందికి వస్తుంది, అది నీ లాయర్ని అడుగు. అపార్ట్‌మెంటు పార్కింగులో బండి విప్పనివ్వరు, ముందు గరాజ్ చూసుకో. గరాజ్ అద్దె కూడా డైరీలో రాయి.

నాది ఇంకా ఉంది. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ మీద పాత బళ్ళన్నీ తిరిగే డ్రీమ్ క్రూజ్‌కి మా ఆవిడే ముందు సీటెక్కి కూర్చుంటుంది, పులిహోర డబ్బాతో. డైరీ మాత్రం ఇవ్వదు.

ఈ వారం చూడబోతున్నానని నువ్వు రాసిన ఆ ఎర్ర కూపేకి టోకెను ఇచ్చెయ్యకు. శనివారం పొద్దున వస్తాను. చెంబు నేను తెస్తా, నువ్వు అయస్కాంతం తే.