భూమి తిరుగుతుంటే మనం ఎందుకు ఎగిరిపోము అని అడిగే అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: నేను ఖమ్మంలో ఇళ్లు కట్టించే చిన్న కాంట్రాక్టరును. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ భూమి అంత వేగంగా తిరుగుతుంటే మనం ఎందుకు ఎగిరిపోవడం లేదు, భూమి గుండ్రంగానే ఎందుకుంది, కొండలు ఇంకా ఎత్తుగా ఎందుకు పెరగవు అంటూ నోటుపుస్తకం నిండా ప్రశ్నలు రాసుకుంటోంది. జియోఫిజిక్స్ (భూభౌతిక శాస్త్రం) చదువుతానంటోంది. మేము సీఎస్‌ఈలో ఏఐ బ్రాంచి అనుకున్నాం. చదువు పాడవుతుందని, పరీక్షలయ్యే దాకా ఆ పుస్తకం దాచిపెట్టాను. రెండు దారులనూ పోల్చి, ఏది మంచిదో చెప్పగలరు.

జవాబు: అయ్యా, మీ ఉత్తరం వంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. ఊరు మారుతుంది, పిల్లలు అడిగే విషయం మారుతుంది, తల్లిదండ్రుల భయం మాత్రం ఒక్కటే: అందరూ వెళ్లే దారిలో వెళ్లకపోతే బిడ్డ ఒంటరిగా మిగిలిపోతుందేమోనని. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. అయితే ఏ కోర్సు అన్న మాటకు ముందు, మీ అమ్మాయి అడిగిన ప్రశ్నలకు ఇంట్లో ఎవరూ జవాబు చెప్పినట్లు మీ ఉత్తరంలో లేదు కనుక, నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

భూమధ్యరేఖ మీద నిలబడిన మనిషి భూమితోపాటు గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాడు. వినడానికి భయం వేసే అంకె ఇది. కానీ ఆ తిరుగుడు మనిషిని బయటికి తోసే త్వరణం సెకనుకు సెకనుకు 0.034 మీటర్లు మాత్రమే కాగా, భూమి అతన్ని లోపలికి లాక్కునే త్వరణం దాదాపు 9.8 మీటర్లు. అంటే 50 కిలోల మనిషి బరువులో ఆ తిరుగుడు తగ్గించేది 170 గ్రాములు. భూమి ఒక చుట్టును 24 గంటల్లో కాక సుమారు 84 నిమిషాల్లో తిరిగితే, అప్పుడు మీ అమ్మాయి అనుమానం నిజమై, భూమధ్యరేఖ మీద వస్తువులు బరువు కోల్పోతాయి. ఆమె ప్రశ్న పిచ్చి ప్రశ్న కాదని, అంకెలు వేసి తేల్చవలసిన ప్రశ్న అని దీన్నిబట్టి మీకు తెలియాలి.

గుండ్రంగా ఎందుకుందన్న దానికీ కారణం ఆ ఆకర్షణే. ఇంత పెద్ద రాశిలో ప్రతి ముక్కనూ మిగతా ముక్కలన్నీ కేంద్రం వైపు లాగుతుంటే, ఎంత గట్టి రాయైనా కోట్ల ఏళ్ల కాలంలో మెత్తని ముద్దలా ఒదిగిపోతుంది. దాదాపు 34 కిలోమీటర్ల పొడవున్న ఈరోస్ అనే గ్రహశకలం తన రాయిని ఒదిగించుకునేంత బరువు లేక వంకరగా మిగిలిపోయింది. భూమి ఒదిగింది గాని, తిరుగుడు వల్ల నడుము దగ్గర కొంత ఉబ్బింది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357 కిలోమీటర్లు.

కొండల ప్రశ్న మీ వృత్తికి చాలా దగ్గరిది. పునాది మోయగలిగినంతే అంతస్తులు వేస్తారు కదా, కొండకూ అదే లెక్క. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. అంగారకుడి మీది ఒలింపస్ మాన్స్ దాదాపు 22 కిలోమీటర్లు లేచింది. వేరే కారణాలు కూడా ఉన్నా, అక్కడి ఆకర్షణ మన భూమి ఆకర్షణలో 38 శాతమే కావడం వాటిలో ముఖ్యమైనది.

గోడ నిలువు చూసుకోవడానికి మీరు దారానికి వేలాడదీసే గుండు ఉంది కదా, మన దేశపు కొలతల చరిత్రలో ఒక పెద్ద చిక్కు దాని దగ్గరే వచ్చింది. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మొదలుపెట్టిన, దేశాన్ని త్రిభుజాలుగా విడగొట్టి కొలిచే మహా త్రికోణమితి సర్వే ఉత్తరాదికి చేరాక, హిమాలయాలకు దగ్గరగా ఉన్న కలియానాకూ, మధ్య భారతంలోని కలియాన్‌పూర్‌కూ మధ్య అక్షాంశాల తేడాను నేల మీద కొలిచి చూస్తే ఒక అంకె, గుండు చూపే నిలువును ఆధారం చేసుకుని నక్షత్రాలను చూసి లెక్కిస్తే మరో అంకె వచ్చాయి. రెండింటి మధ్య 5.236 సెకన్ల కోణం తేడా (డిగ్రీలో 3,600వ వంతు ఒక సెకను), అంటే నేల మీద సుమారు 160 మీటర్లు. హిమాలయాలు గుండును తమ వైపు లాగుతున్నాయేమోనని ప్రాట్ అనే మతాధికారి 1855లో లెక్క వేస్తే, తేడా 15 సెకన్లకు పైగా రావాలని తేలింది. అంత పెద్ద పర్వతాలు ఇంత తక్కువగా ఎందుకు లాగుతున్నట్టు? కొండ కింద తేలికైన రాయి లోతుగా దిగి ఉంటుందని, నీటిలో తేలే దుంగలా కొండ తేలుతుందని అదే ఏడాది ఎయిరీ అనే బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త వివరణ ఇచ్చాడు. గుండు కొద్దిగా పక్కకు ఒరగడాన్ని బట్టి కనబడని భూగర్భాన్ని చదవడం ఎలా వీలవుతుందో అప్పుడు తెలిసింది. మీ అమ్మాయి చదువుతానంటున్న జియోఫిజిక్స్‌లో ఒక ముఖ్యమైన భాగం అదే.

ఆ పని ఇప్పటికీ పూర్తి కాలేదు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఆకర్షణ తక్కువగా ఉండటం వల్ల సముద్ర మట్టం లెక్కకన్నా సుమారు 106 మీటర్లు కిందికి ఉంది. దీనికి కారణాన్ని 2023లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు వివరించారు. ఒకప్పటి టెథిస్ సముద్రపు అడుగు భూమి లోతుల్లోకి కుంగి, ఆఫ్రికా కింది వేడి పదార్థాన్ని కదిలించగా, ఆ తేలికైన పదార్థం ఈ ప్రాంతం కిందికి చేరిందని వారి నమూనా చెబుతుంది. 2002లో ఎగిరిన గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు, తమ మధ్య దూరంలో వచ్చే అతి చిన్న మార్పుల ఆధారంగా ఆకర్షణను కొలిచి, పంజాబ్, హర్యానా, రాజస్థాన్‌లలో ఆరేళ్లలో సుమారు 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం తరిగిపోయిందని చూపించాయి. బోరు వేయకుండా, నేలను తాకకుండా, బరువును బట్టి నీటిని లెక్కపెట్టారు.

ఇక మీరు అడిగిన పోలిక. సీఎస్‌ఈ చెడ్డదని నేను అనను. ఆ పనిని ఇష్టపడి చేసే పిల్లలకు అది మంచి చదువు. నా అనుమానమంతా బ్రాంచి పేరు మీద. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి, ఏఐ అన్న పేరు తగిలించిన సెక్షన్లను పెంచుకుంటూ పోయిన కాలేజీల్లో, ఆ విషయాన్ని లోతుగా బోధించగల అధ్యాపకులు అంతే వేగంగా పెరగలేదు. మొదటి రెండేళ్లు అక్కడ చదివేది మామూలు సీఎస్‌ఈకి పెద్ద తేడాగా ఉండటం నేను చూడలేదు. ఆ పేరు కోసం మేనేజ్‌మెంట్ సీటుకు పొలం అమ్మిన తల్లిదండ్రులు తరువాత నా ముందు కూర్చుని కన్నీరు పెట్టుకున్న రోజులున్నాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. పైగా ఉపగ్రహాలు పంపే కొలతల నుంచి భూగర్భాన్ని లెక్కగట్టే మనిషికి ప్రోగ్రామింగు, గణితం తప్పనిసరి కనుక, ఆమె కోరిన దారిలో వెళ్లినా కంప్యూటరు దూరం కాదు.

జియోఫిజిక్స్ కష్టాలు కూడా దాచను. ఉద్యోగాలు తక్కువ. ఎమ్మెస్సీ వరకు తప్పదు, పరిశోధన వైపు వెళితే పీహెచ్‌డీ కూడా కావాలి, తోటి పిల్లలు జీతాలు అందుకుంటున్నప్పుడు ఈమె ఇంకా చదువుతూ ఉంటుంది. ఆ కొన్నేళ్లు చుట్టాల ప్రశ్నలకు జవాబు చెప్పవలసింది మీరు. అయితే చదివే చోటు దగ్గరే ఉంది: ఉస్మానియాలో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ విభాగాలున్నాయి, ఖరగ్‌పూర్, రూర్కీ, ధన్‌బాద్ ఐఐటీల్లో ఉన్నాయి. పని చేసే చోటూ దగ్గరే. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ హైదరాబాదులోని ఉప్పల్‌లో ఉంది. జియలాజికల్ సర్వేకు, ఓఎన్‌జీసీకి జియోఫిజిసిస్టులు కావాలి.

ఎంపీసీ చదువుతున్నంత కాలం రెండు తలుపులూ తెరిచే ఉంటాయి కాబట్టి, ఈ ఏడాది తేల్చవలసిందేమీ లేదు. మార్కులు బాగా వస్తున్నాయని మీరే రాశారు. మరి ఏ చదువు పాడవుతోందని ఆ పుస్తకం దాచారు? కోచింగులో వేలమంది పిల్లలు జవాబులు బట్టీ పడుతున్న రోజుల్లో మీ ఇంట్లో ఒక బిడ్డ తనంతట తాను ప్రశ్నలు రాసుకుంటుంటే, దాన్ని అల్మారాలో పెట్టి తాళం వేయడం తండ్రి చేయవలసిన పని కాదు. కోపం తెచ్చుకోకండి, మీ శ్రమ, మీ ప్రేమ నాకు ఉత్తరంలో కనబడ్డాయి. ఈ రాత్రే ఆ పుస్తకం ఆమెకు తిరిగి ఇవ్వండి. ఆదివారం సైటుకు తీసుకువెళ్లి, గుండు వేలాడదీసి, కలియానా దగ్గర అది ఎటు ఒరిగిందో ఆమెతో చెప్పించుకోండి.