కిందికి తిప్పితే షీటు పైకి ఎగురుతోంది: మౌస్ చక్రం బాగవుతుందా, కొత్తది కొనాలా?

మీరు కర్నూలులో ట్యాక్స్ ఆఫీసులో రోజంతా ఎక్సెల్ మీదే పని అన్నారు. మౌస్ చక్రం కిందికి తిప్పుతుంటే షీటు మధ్యమధ్యలో పైకి ఎగురుతోందని, చూపుడు వేలు నొప్పి పుడుతోందని, కొత్తది కొంటే చక్రం ఎలాంటిది చూసుకోవాలని అడిగారు. నేను ఆదోనిలో ఒక పత్తి కమీషన్ మండీలో లెక్కలు రాస్తాను. మా దగ్గర మౌస్‌లో ముందు పోయేది చక్రమే, బటన్లు ఆ తర్వాత.

ముందు జబ్బు ఎక్కడుందో తేల్చుకోండి. బ్యాటరీ అయిపోతున్నా, వైర్‌లెస్ రిసీవర్ సీపీయూ వెనకాల ఎక్కడో మూలన ఉన్నా స్క్రోలింగ్ ఆగి ఆగి వస్తుందే తప్ప, సాధారణంగా ఎదురు దిక్కుకు పోదు. ఎక్సెల్ తెరిచి చక్రాన్ని మెల్లగా, ఒక్కొక్క టక్కు చొప్పున తిప్పండి. విండోస్‌లో సెట్టింగ్ ఏమీ మార్చకపోతే ఒక్క టక్కుకు మూడు లైన్లు కదులుతాయి. అంటే పైన కనిపించే వరస 1, 4, 7, 10 అని పోవాలి. టక్కుమన్నా కదలకపోయినా, 7 నుంచి మళ్లీ 4కు పోయినా తప్పు చక్రం పక్కనుండే ఎన్‌కోడర్‌ది.

మౌస్ విప్పితే చక్రం ఇరుసు ఒక చివర చిన్న చదరపు డబ్బీలో దూరి ఉంటుంది, అదే ఎన్‌కోడర్. లోపల రేకు ముక్కలు ఒక బిళ్ల మీద రాసుకుంటూ రెండు సిగ్నళ్లు ఇస్తాయి. రెండూ ఒకేసారి రావు, ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. ఏది ముందొచ్చిందో చూసి మౌస్ పైకా కిందికా తేల్చుకుంటుంది. ఆ రేకుల మీద మురికి చేరినా, చిలుము పట్టినా ఒక సిగ్నల్ తప్పిపోతుంది, దిక్కు తారుమారవుతుంది. మనకు వేలికి తగిలే టక్కు కూడా చాలావాటిలో ఆ డబ్బీలోని స్ప్రింగుదే. అందుకే చక్రం ఎగరడమూ, టక్కు మెత్తబడటమూ తరచుగా జంటగా వస్తాయి.

కొన్ని మౌస్‌లలో ఈ డబ్బీ ఉండదు. చక్రానికే సన్నని చీలికలుంటాయి, ఒక పక్క నుంచి కంటికి కనపడని వెలుతురు పడుతుంది, రెండో పక్క సెన్సర్ లెక్కపెడుతుంది. రాసుకునే రేకులు లేవు కాబట్టి అరుగుదల తక్కువ. కానీ మా ఊళ్లో దానికి వేరే శత్రువు ఉంది. యార్డుకు పత్తి వచ్చే రోజుల్లో నుసి అంతా గాల్లోనే ఉంటుంది, కంప్యూటర్ ముందు కూర్చుని తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలు, కొడుతున్నా కనుబొమ్మల మీద తెల్లగా చేరుతుంది. ఒకసారి మా కుర్రాడు "అన్నా, ఇది కిందికి పోనే పోదు" అని తెచ్చిచ్చిన మౌస్ విప్పితే, చక్రం చుట్టూ దారం చుట్టినట్టు దూది, చీలికల్లో సగం మూసుకుపోయాయి. పట్టకారుతో ఆ దూది లాగేసి, మెత్తని బ్రష్‌తో తుడిస్తే ఆ సీజనంతా పనిచేసింది.

మీదాంట్లో డబ్బీ రకమే అయ్యుంటుందని నా అనుమానం. మొబైల్ రిపేరు షాపుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. డబ్బీ సందులో రెండు చుక్కలు వేసి, చక్రాన్ని రెండు వైపులా బాగా తిప్పి, పూర్తిగా ఆరాక బిగించండి. శానిటైజర్ వాడొద్దు, చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, ఇంకా జిగురవుతుంది. స్క్రూలు అడుగున కాళ్ల స్టిక్కర్ల కింద దాక్కుంటాయి, వాటిని మెల్లగా లేపాలి. వారంటీ ఉంటే అసలు విప్పకండి. ఇలా కడిగితే కొన్ని నెలలు లాగుతుంది, కొన్నిసార్లు వారానికే మళ్లీ మొదటికొస్తుంది. 300, 400 రూపాయల మౌస్‌కు రెండోసారి ఆ శ్రమ పడాల్సిన పని లేదు.

ఇక కొత్తది. ఈ చక్రం అసలు పుట్టింది మనలాంటివాళ్ల కోసమే. 1993లో మైక్రోసాఫ్ట్‌లో ఎరిక్ మిచెల్‌మన్ అనే ఆయన ఎక్సెల్ వాడేవాళ్లు పెద్ద షీట్లలో అటూ ఇటూ తిరగలేక తిప్పలు పడటం చూసి, జూమ్ చేయడానికి ఒక మీట లాంటిది పెడితే ఎలా ఉంటుందని మొదలుపెట్టాడు. అదే తిరిగి తిరిగి 1996లో ఇంటెలిమౌస్ చక్రమైంది. చక్రమున్న మౌస్‌లు అంతకు ఏడాది ముందే వచ్చినా, అందరికీ అలవాటు చేసింది ఇదే.

ఇప్పుడు ఖరీదైనవాటిలో టక్కు లేకుండా గిర్రున తిరిగే చక్రాలు వస్తున్నాయి. లాజిటెక్ 2006లో ఎంఎక్స్ రివల్యూషన్‌తో తెచ్చింది. 2019 నాటి ఎంఎక్స్ మాస్టర్ 3లో స్ప్రింగుకు బదులు విద్యుదయస్కాంతం టక్కునిస్తుంది, సెకనుకు వెయ్యి లైన్లు పోతుందని కంపెనీ మాట. వందల పేజీల పీడీఎఫ్ దాటడానికి భేషుగ్గా ఉంటుంది. ఇన్వాయిస్ నంబర్లు ఒక్కొక్కటి సరిచూసే పనికి మాత్రం నాకు టక్కే కావాలి. కళ్లు కాగితం మీద ఉన్నా, ఎన్ని వరసలు దిగానో వేలికి తెలుస్తుంది. అడ్డూ అదుపూ లేకుండా గిర్రున తిరిగే చక్రంతో ఆ లెక్క ఉండదు.

షాపులో పెట్టెలోంచి తీయించి తిప్పి చూడండి. టక్కు తెలియాలి, కానీ వేలు దిగబట్టి తోయాల్సినంత గట్టిగా ఉండకూడదు, మీ నొప్పికి అదే కారణం కావచ్చు. తర్వాత చక్రాన్ని నొక్కండి. తిప్పుడు బిగువుగా ఉండి నొక్కుడు తేలికైతే, తిప్పబోయి నొక్కేస్తారు, బ్రౌజర్‌లో ట్యాబ్ మీద అలా పడితే అది మూసుకుపోతుంది. మెత్తటి రబ్బరు పూత కంటే గాళ్లున్న గట్టి రబ్బరు మేలు. మన ఎండలకు, చెమటకు ఆ పూత కొన్నాళ్లకు బంక పట్టిపోతుంది. పక్కకు వంగే చక్రం కోసం మాత్రం ఎక్కువ డబ్బు పెట్టొద్దు, ఈమధ్య ఎక్సెల్‌లో కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని తిప్పితే షీటు పక్కకు జరుగుతుంది.

ఇదంతా చేసేముందు ఒక పని. సెట్టింగ్స్‌లో మౌస్‌కు వెళ్లి, ఒక్క టక్కుకు మూడు లైన్లని ఉన్నదాన్ని ఐదో ఆరో చేసి నాలుగు రోజులు పనిచేయండి. తిప్పుడు దాదాపు సగానికి తగ్గుతుంది. వేలికి దాంతోనే సుఖమనిపిస్తే, ఖరీదైన మౌస్ ఊసెత్తకుండా మామూలు టక్కు చక్రమే ఇంకొకటి తెచ్చుకోండి.