సమాధానం: క్లీవ్‌ల్యాండ్ కచేరీకి మృదంగం తీసుకెళ్తున్నాను, శ్రుతి నిలవదేమోనని టెన్షన్

తమ్ముడూ, నీ భయం నిజమైనదే. అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో జరిగే త్యాగరాజ ఆరాధనకి నేను వెళ్లిన ఏడాది, ఈస్టర్ దగ్గరపడినా బయట ఇంకా చలే. కానీ మృదంగాన్ని ఇబ్బంది పెట్టింది చలి కాదు, గదిలోని హీటర్. అది గాలిలో తేమనంతా పీల్చేస్తుంది. దాంతో తోలు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. మొదటి రాత్రి హీటర్ పక్కనే పెట్టి పడుకున్నాను. పొద్దున కుడి మూత మీద వేలు వేస్తే టంగుమని ఇనుప రేకులా మోగింది. గుండె ఆగినంత పనైంది.

ఆ రోజు నుంచి మృదంగాన్ని గుడ్డలో చుట్టి హీటర్‌కి దూరంగా ఉంచాను, గదిలో తడి టవల్ ఆరేశాను. కచేరీకి గంటన్నర ముందే హాలుకెళ్లి, సంచి విప్పి, అక్కడి గాలికి అలవాటు పడనిచ్చాకే శ్రుతి చేశాను. తొందరపడి ముందే సుత్తితో శ్రుతి చేయకు, మళ్లీ మారిపోతుంది.

శ్రుతి చేసే సుత్తి, రాయి చెక్-ఇన్ సామానులోనే పెట్టు, సుత్తిని క్యాబిన్‌లోకి రానివ్వరు. ఎడమ మూతకి ముద్దగా అద్దే బొంబాయి రవ్వ అక్కడి ఇండియన్ షాపుల్లోనే దొరుకుతుంది. ఇంటి నుంచి తీసుకెళ్తే మాత్రం కస్టమ్స్ దగ్గర తప్పకుండా చెప్పు.

ఒక పూట ఖాళీ ఉంచుకో. క్లీవ్‌ల్యాండ్ ఆర్ట్ మ్యూజియంలో శాశ్వత సేకరణ చూడటానికి టికెట్ లేదు. అక్కడి చోళుల కాలపు కంచు నటరాజు ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. 1912 నాటి వెస్ట్ సైడ్ మార్కెట్ కూడా చూడు, వేళ్లు కొంకర్లు పోయే చలిలో అక్కడ తాగిన వేడి సూప్ నాకింకా గుర్తుంది. చేతి గ్లౌజులు మాత్రం మర్చిపోకు.