261వ పేజీలో బస్సు టికెట్టు

చిరంజీవి అబ్బాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. కాలువలకు నీళ్ళు కట్టేశారు, ఎండలు మండిపోతున్నాయి. సామ్రాజ్యం మీద వచ్చిన ఆ ఇంగ్లీషు ఫాంటసీ నవల గురించి నువ్వు వచ్చే ఆదివారం రాజమహేంద్రవరం సభలో మాట్లాడబోతున్నావనీ, అందరూ ఆకాశానికెత్తిన ఆ పుస్తకం నిన్ను నిరాశపరిచిందని అక్కడే చెప్పదలచుకున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. పదిమంది పొగిడినదాన్ని నీ కళ్ళతో చూసి నీ మాట నువ్వు చెప్పబోతున్నందుకు నాకెంతో గర్వంగా ఉంది. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చెప్పదలచుకున్నది కాగితం మీద రాసుకుని వెళ్ళు. పదిహేను నిమిషాలు దాటనివ్వకు. చదవనివాళ్ళ కోసం కథంతా విప్పి చెప్పేయకు.

ఉగాదికి వచ్చినప్పుడు నువ్వు ఇక్కడ మరిచిపోయిన ప్రతిని నిఘంటువు పక్కన పెట్టుకుని నేనూ చదివాను. నీ అసంతృప్తిలో న్యాయం ఉంది. పన్నులతో, నాణేలతో, బడులతో ఆ సామ్రాజ్యం ఒక్కొక్క దేశాన్ని ఎలా మింగుతుందో రచయిత ఎంతో శ్రద్ధగా రాశారు కానీ, ఓడిపోయినవాళ్ళు ఇంటికి వెళ్ళి ఏం తింటారో, దీపం పెట్టాక ఏం మాట్లాడుకుంటారో రాయలేదు. ఈ లోటు మన డెల్టావాళ్ళకు మరీ తెలుస్తుంది. 1833 నాటి కరువుకు ఈ ప్రాంతంలో జనమూ శిస్తూ రెండూ పడిపోయాక, ఆనకట్ట కడితే రాబడి పెరుగుతుందని కాటన్ దొర ఈస్టిండియా కంపెనీవారిని ఒప్పించి, 1847లో మొదలుపెట్టిన పనిని 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర పూర్తి చేయించారు. పొలాలకు నీళ్ళు వచ్చాయి, కంపెనీకి శిస్తూ వచ్చింది. మా తాతగారు గోదావరిలో స్నానం చేస్తూ ఆ దొరను భగీరథుడిగా తలుచుకునే శ్లోకం చదివేవారట. అదే ఇంట్లో ఆయన తమ్ముడు ఖద్దరు కట్టి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. ఇద్దరికీ ఒకే పంక్తిలో విస్తళ్ళు వేసేదాన్నని మా నాయనమ్మ చెప్పేది. అలాంటి పంక్తి ఆ నవలలో నీకు కనబడలేదంటే, పుస్తకం బాగాలేదని కొట్టిపారేయకుండా ఆ మాటే చెప్పు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. 1974లో నాకు ఇరవై మూడేళ్ళు, గ్రంథాలయంలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. జమీందారీ రోజుల మీద వచ్చిన ఒక నవలను ఊరంతా పొగుడుతుంటే నాకు ఒళ్ళు మండింది. నా కోపం పొగిడేవాళ్ళ మీదే కానీ పుస్తకం మీద కాదని అప్పుడు నాకు తెలియలేదు. సభలో అరగంట మాట్లాడాను. రైతుల ఇళ్ళలోకి ఈ రచయిత ఒక్కసారైనా అడుగు పెట్టలేదన్నాను, జనం చప్పట్లు కొట్టారు. రేవు దాటి వచ్చిన ఆ రచయిత ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. అంతా అయ్యాక ఆయన నెమ్మదిగా వేదిక మీదికి వచ్చి, బల్ల మీద ఉన్న నా ప్రతిని తీసి వెనక నుంచి తిప్పారు. ఆ రోజుల్లో కొన్ని పుస్తకాలు అంచులు కోయకుండానే వచ్చేవి, చదివేవాళ్ళే విడదీసుకోవాలి. నా ప్రతిలో చివరి రెండు ఫారాలు, అంటే మడిచి కుట్టిన కాగితాల కట్టలు, అలాగే అతుక్కుని ఉన్నాయి. ఆయన సభవైపు తిరగలేదు, ఎవరికీ చూపించలేదు. జేబులోంచి పోస్టుకార్డు తీసి, మడత మడతలోనూ దాన్ని పెట్టి, చిరగకుండా ఒక్కొక్క పేజీ విడదీసి, "ఇప్పుడు చదువమ్మా" అని నా చేతికిచ్చారు. ఆ కాగితాలు విడిపోయిన చప్పుడు ఇవాళ్టికీ నా చెవిలో ఉంది.

ఆ రాత్రే చదివాను. నేను లేదన్న రైతు ఇల్లు చివరి అధ్యాయంలో ఉంది. క్షమించమని ఆయనకు ఉత్తరం రాయడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత పదేళ్ళు నేను వేదిక ఎక్కలేదు. చెప్పవలసిన మంచి మాటలు కూడా మింగేసుకుని కూర్చున్నాను. నీకు అలా కాకూడదు నాన్నా. నీకు గొంతు ఉంది, చూపు ఉంది.

నీ పుస్తకంలో రావులపాలెం బస్సు టికెట్టు 261వ పేజీ దగ్గర ఉంది. పుస్తకానికి 438 పేజీలు. మిగిలినది ఫోనులో చదివేసి ఉంటే ఈ ముసలిదాన్ని మన్నించు. చదవకపోతే మాత్రం, ఏం తొందర నీకు, సభకు ఇంకా ఆరు రోజులుంది! చివరి నలభై పేజీల్లో కోటలో పనిచేసే ఒక వంటమనిషి వస్తుంది. ఆమెను చూశాక నీ అభిప్రాయం మారుతుందని నేను చెప్పను, నాది పూర్తిగా మారలేదు. ఆమెను చూసి మాట్లాడు, అంతే.

రేపు పొద్దుట బస్సులో ఎదురింటి అబ్బాయి చేత పుస్తకం పంపిస్తున్నాను. టికెట్టు నేను కదపలేదు. ఆత్రేయపురం తాండ్ర కూడా పెట్టాను, జిడ్డు అంటకుండా వేరే కాగితంలో చుట్టాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ