కొడుకు సర్వర్ అద్దె, తండ్రి టెన్షన్

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాను. మావాడు బీటెక్ ఆఖరి సంవత్సరం. సొంతంగా మూడు వెబ్‌సైట్లు పెట్టుకొని రాత్రుళ్లు వాటితోనే కూర్చుంటాడు. సర్వర్ అద్దె నా కార్డు మీదే పోతుంది. పోయిన నెల ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ వాళ్ల అద్దె సర్వర్లు) బిల్లు నాలుగు వేలు దాటింది. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 85 వేలకు క్లౌడ్ డెవాప్స్ (అద్దె సర్వర్ల మీద కంపెనీల సాఫ్ట్‌వేర్ నడిపే పని) కోర్సు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఏడబ్ల్యూఎస్, మైక్రోసాఫ్ట్ ఆజ్యూర్, గూగుల్‌లలో ఏది నేర్పించాలి? లేక ఇవన్నీ మాన్పించి బ్యాంకు పరీక్షలకు కూర్చోబెట్టమంటారా?

జవాబు: ఏ క్లౌడ్ మంచిదని అడిగారు గానీ, మీ మనసులో నలుగుతున్నది అది కాదు. వాడు చేసేది పనా, కాలక్షేపమా అన్నది తేలక మీకు నిద్ర పట్టడం లేదు. నెల్లూరు నుంచీ ఒంగోలు నుంచీ నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇవే. పనేనండీ. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

అర్ధరాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే జనరేటర్ వేయడానికి పరుగెత్తేది ఎవరు? ఆ చెరువు మీద డబ్బు పెట్టినవాడే. మీవాడు రాత్రుళ్లు కూర్చుంటున్నది కూడా అలాంటి కాపలాకే. కొత్త సర్వర్ తీసుకొని ఒక్క రాత్రి వదిలేసి, పొద్దున లాగిన్ లాగ్ (ఎవరెవరు లోపలికి రావాలని చూశారో రాసి ఉండే చిట్టా) తెరిచి చూపించమనండి. ముక్కూమొహం తెలియనివాళ్లు రూట్ (సర్వర్ మొత్తానికి యజమాని ఖాతా) పేరుతో పాస్‌వర్డులు ఊహిస్తూ తలుపు కొట్టిన వరసలు పేజీలకు పేజీలు ఉంటాయి. అది చూసినవాడు పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి కీ (తన కంప్యూటర్‌లో దాచుకునే తాళంచెవి ఫైలు) పెట్టుకుంటాడు, ఫైర్‌వాల్ వేసి అక్కర్లేని దారులు మూస్తాడు. ఒక జీబీ మెమరీ ఉన్న చిన్న సర్వర్‌లో వర్డ్‌ప్రెస్ నడిపితే, జనం కాస్త ఎక్కువ వచ్చిన రోజు మెమరీ చాలక, సర్వర్‌ను నడిపే లైనక్సే సైట్ సమాచారం దాచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌ను ఆపేస్తుంది. సైట్ తెరిస్తే డేటాబేస్ కనెక్షన్ లేదని వస్తుంది. అది ఎందుకు పడిందో వెతికి, స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా) పెట్టి, మళ్లీ లేపినవాడికి ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడే సరుకు దొరికినట్టే.

ఆ నాలుగు వేల బిల్లు సంగతి. వాడు జల్సా చేశాడని నేననుకోను. సర్వర్ ఆపేసినా డిస్క్ అద్దె నడుస్తూనే ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి ఏడబ్ల్యూఎస్ వాళ్లు సర్వర్‌కు ఇంటర్నెట్ చిరునామా లాంటి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కు కూడా గంటల లెక్కన వసూలు చేస్తున్నారు. ప్రాక్టీసు కోసం పెట్టి మర్చిపోయిన లోడ్ బ్యాలన్సరో (వచ్చే జనాన్ని సర్వర్లకు పంచేది), లోపలి సర్వర్లకు ఇంటర్నెట్ దారి ఇచ్చే నాట్ గేట్‌వేనో ఉందేమో చూడమనండి, వేలల్లోకి వెళ్లే బిల్లులకు మామూలుగా అవే కారణం. బడ్జెట్ అలర్ట్ పెట్టుకోమనండి. అయితే ఆ అలర్ట్ మెయిల్ పంపుతుందే తప్ప దానంతటది బిల్లును ఆపదు.

ఇక ఆ 85 వేల కోర్సు. మూడు నెలల్లో డాకర్, కుబర్నెటీస్, టెర్రాఫామ్, జెంకిన్స్ అనే డెవాప్స్ పనిముట్లన్నీ నేర్పిస్తామంటారు. అలా వచ్చినవాళ్లతో నేను మాట్లాడుతుంటాను. కుబర్నెటీస్‌లో పాడ్ అంటే ఏమిటో గడగడా చెప్తారు. సైట్ తెరుచుకోవడం లేదు, ముందు ఏం చూస్తావు అంటే దిక్కులు చూస్తారు. డీఎన్ఎస్ (సైట్ పేరును సర్వర్‌కు కలిపేది) తప్పా, పోర్టు (సర్వర్‌లోకి దారి) మూసి ఉందా, డిస్క్ నిండిపోయిందా అన్న ఆలోచన రాదు. పైగా డెవాప్స్ అన్నది ఫ్రెషర్‌కు నేరుగా దొరికే కుర్చీ కాదు. నడుస్తున్న వ్యాపారం తాళాలు కాలేజీ నుంచి నిన్న వచ్చినవాడి చేతిలో ఎవరు పెడతారు? లైనక్స్ సపోర్ట్‌లోనో, డెవలపర్‌గానో చేరి అటు మళ్లేవాళ్లే ఎక్కువ. హైదరాబాద్‌లో ఏడబ్ల్యూఎస్ డేటా సెంటర్లు వచ్చాయి కాబట్టి ఉద్యోగాలు కురుస్తాయని కూడా చెప్పే ఉంటారు. 2022లో వచ్చిన మాట నిజమే. కానీ సర్వర్ ఎక్కడ ఉంటే దాన్ని నడిపే మనిషి అక్కడే ఉండాలని ఏం లేదు కదా.

గ్యారంటీ అన్న మాట దగ్గర ఇంకా జాగ్రత్త. కొన్నిచోట్ల ఆ గ్యారంటీ వెనుక ఉండేది మూడేళ్ల దొంగ అనుభవంతో రాసిచ్చే రెజ్యుమే. కంపెనీ పీఎఫ్ ఖాతా తిరగేస్తే తెలిసిపోతుంది. చేరిన నెలకే పిల్లాణ్ణి బయటికి పంపేస్తే ఆ 85 వేలూ తిరిగి రావు, పోయిన పేరూ తిరిగి రాదు.

మీరడిగిన పోలిక నిజానికి చిన్నది. ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది ఏడబ్ల్యూఎస్, తర్వాత ఆజ్యూర్. ఒకటి బాగా వస్తే రెండోది నెలల్లో పట్టుబడుతుంది. వాడి మూడు సైట్లకు మాత్రం ఇవేవీ అక్కర్లేదు. నెలకు ఇంత అని ముందే చెప్పే చిన్న వీపీఎస్ (పెద్ద సర్వర్‌లో అద్దెకిచ్చే ఒక వాటా) చాలు. డిజిటల్ ఓషన్‌కు బెంగళూరులో, లినోడ్‌కు ముంబైలో అలాంటి సర్వర్లు ఉన్నాయి. ఏడబ్ల్యూఎస్‌లోనే ఉంటానంటే లైట్‌సెయిల్ అనే వాళ్ల చిన్న సర్వర్ ప్లాన్ తీసుకోవచ్చు. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి అప్‌డేట్లు వచ్చే లైనక్స్) వేసుకొని ఎన్‌జిన్ఎక్స్ (సైట్ పేజీలను జనానికి పంపే సాఫ్ట్‌వేర్) చేత్తో పెట్టడం రావాలి. ప్యానెల్ (మౌస్ నొక్కులతో సర్వర్ నడిపించే తెర) జోలికి తర్వాత వెళ్లొచ్చు. సీప్యానెల్ 2019లో ఖాతాల లెక్కన ధర మార్చినప్పటి నుంచి చిన్నవాళ్లకు భారమైంది, ఉచితంగా దొరికే హెస్టియా లాంటివి సరిపోతాయి. సైట్ రాకపోకలను రహస్యంగా ఉంచే ఎస్ఎస్ఎల్‌కు డబ్బు కట్టొద్దు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఊరికే ఇస్తుంది. బ్యాకప్ మాత్రం అదే సర్వర్‌లో పెట్టుకోకూడదు. చదువుకు సర్టిఫికెట్ కావాలనిపిస్తే లైనక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్ష రాయించండి. అందులో టిక్కులు పెట్టే ప్రశ్నలు ఉండవు, మెషీన్ ముందు కూర్చొని పని చేసి చూపించాలి.

ఇక మీకో మాట, ఏమీ అనుకోకండి. చెరువుకు వైరస్ తగిలి ఒక పంట పోయినా మళ్లీ సీడ్ వేస్తారే, అదే మనిషి కొడుకు నేర్చుకుంటూ పోగొట్టిన నాలుగు వేలకు ఇల్లంతా పంచాయితీ పెడితే ఎలా? బంధువుల ముందు ఖాళీగా ఉన్నాడని చెప్పే అలవాటు ఉంటే ఈ రోజే మానండి. కార్డు వాడి చేతిలో వదిలేయమని కూడా అనను. నెలకు వెయ్యి రూపాయలని గీత గీయండి. అది దాటితే వాడే సంపాదించుకోవాలి. చీమకుర్తి గ్రానైట్ వాళ్ల దగ్గర నుంచి నెల్లూరు ఆసుపత్రుల దాకా, సైట్ పెట్టించి పట్టించుకోకుండా వదిలేసినవాళ్లకు కొదవ లేదు. అడిగితే ఒకరిద్దరు దొరుకుతారు. డొమైన్ (సైట్ పేరు) మాత్రం కస్టమర్ పేరు మీదే కొనాలి, లేకపోతే రేపు తగాదా.

బ్యాంకు పరీక్ష రాస్తానంటే రాయనివ్వండి, పగలు చదువుకోవడానికి సర్వర్ అడ్డం రాదు. ఇన్‌స్టిట్యూట్‌కు అడ్వాన్స్ కట్టకపోయి ఉంటే కట్టకండి. కట్టేసి ఉంటే రశీదు పట్టుకొని ఈ వారంలోనే రాతపూర్వకంగా వెనక్కి అడగండి. క్లాసులు మొదలయ్యాక అడిగితే ఇవ్వరు.